వానొస్తేనే ఆగిపోయే లారీ

బండి 2008 మోడల్ పది టైర్ల లారీ. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, సిలిండర్లకి డీజిల్ కొట్టే ఇన్‌లైన్ పంపు, 24 వోల్టుల వైరింగ్. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ లేదు, సెన్సర్ల గొడవ లేదు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఎత్తి హైదరాబాద్‌లో దించుతుంది. తిరుగు లోడు దొరికితే విజయవాడ వస్తుంది, లేకపోతే ఖాళీగా వెనక్కి. 2023 జూలై మొదటి వారంలో ఆటోనగర్‌లోని మా షెడ్డుకి తీసుకొచ్చారు. ఓనరు గారు కంప్లయింటు రెండు ముక్కల్లో చెప్పారు: "వాన పడితే ఇంజన్ ఆగిపోతోందండీ. ఎండలో ఏ సమస్యా లేదు."

అప్పటికి ఏడాదిగా ఇదే గోల. పోయిన వానాకాలంలో అయిదారుసార్లు ఆగింది. ఎండాకాలమంతా గడియారంలా తిరిగింది. జూన్‌లో తొలకరి పడగానే మళ్ళీ మొదలైంది. ఈలోగా డీజిల్ ఫిల్టర్లు రెండుసార్లు మార్చారు, ట్యాంకు దించి కడిగించారు, ఫీడ్ పంపు కొత్తది వేశారు, ఇన్‌లైన్ పంపు విప్పి కాలిబ్రేషన్ చేయించారు, చివరికి కీ ఆఫ్ చేస్తే డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్ కూడా మార్చారు. ఒక్కో రిపేరు తర్వాత రెండు మూడు ట్రిప్పులు బాగానే వెళ్ళేది. అంటే ఆ రోజుల్లో వాన లేదన్నమాట. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇలాంటి బండిని నేను తేలిగ్గా తీసుకోను. పాతిక టన్నుల బండి రాత్రిపూట వానలో హైవే మీద ఉన్నట్టుండి ఆగిందంటే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది, వెనక వచ్చే బస్సు వాడికి ఈ బండి కనబడేది చివరి క్షణంలోనే. డ్రైవర్ బాబాయ్ ముప్పై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టినవాడు. "వాన మబ్బు చూస్తేనే టెన్షన్ వస్తోంది మేస్త్రీ" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు.

ముందు డీజిల్ చూశాను. పాత లారీ వానలో ఆగుతోందంటే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం డీజిల్‌లో నీళ్ళే. ట్యాంకు మూత రబ్బరు వాషర్ పగిలిపోయి ఉంటే మూత మీద నిలిచిన నీళ్ళు కొంచెం కొంచెంగా లోపలికి దిగుతాయి. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి, అక్కడి నుంచి ఫిల్టర్‌కి వస్తాయి. ఈ బండికి వాషర్ నిజంగానే పగిలి ఉంది. డీజిల్‌లోంచి నీళ్ళు వేరు చేసే సెపరేటర్ అడుగు నట్టు వదులు చేసి సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా పెడితే అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు కనబడ్డాయి. వాషర్ మార్చాను, సెపరేటర్ ఖాళీ చేశాను. అసలు జబ్బు దొరికిందనే అనిపించింది.

అయినా పూర్తి నమ్మకం కుదరక, షెడ్డు బయట ఇంజన్ ఆన్‌లో పెట్టి పైపుతో గంటసేపు నీళ్ళు కొట్టించాను. క్యాబిన్ మీద, పంపు మీద, ఛాసిస్ కింద, బ్యాటరీ పెట్టె మీద, వైరింగ్ కట్టలన్నిటి మీదా. కట్టలు చేత్తో ఊపాను. ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టి సగం పోగులు తెగి ఉంటే అదీ కొత్తది వేసి బండిని పంపేశాను.

జూలై మూడో వారంలో ముసురు పట్టింది. రెండో రోజు రాత్రి సూర్యాపేట దాటాక బండి మళ్ళీ ఆగింది.

పొరపాటు నాదే. నేను బండిని పరీక్షించాను గానీ మనుషుల్ని సరిగ్గా అడగలేదు. ఈసారి స్పానర్ పట్టుకోకముందే డ్రైవర్‌నీ క్లీనర్ కుర్రాడినీ కూర్చోబెట్టి టీ తెప్పించాను. అడిగింది మూడే ప్రశ్నలు.

మొదటిది, ఇంజన్ ఎలా ఆగింది? డీజిల్ అందకపోయినా, నీళ్ళు వచ్చినా, గాలి లాగినా ఇంజన్ ఒక్కసారిగా ఆగదు. ముందు పికప్ పడిపోతుంది, ఒకటి రెండు సిలిండర్లు తప్పి కుంటుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా చతికిలబడుతుంది, ఆ తర్వాతే చస్తుంది. మళ్ళీ స్టార్ట్ చేయాలంటే చేతిపంపు కొట్టి డీజిల్ పైపుల్లో ఎయిర్ తీయాల్సి వస్తుంది. బాబాయ్ చెప్పింది వేరు. "కుంటడం గింటడం ఏం లేదు మేస్త్రీ. తాళం తిప్పి ఆపేసినట్టే. టక్కున." మళ్ళీ ఎలా పట్టుకుంది? "ఎయిర్ తీసే పనే లేదు. కీ ఆఫ్ చేసి, దిగి, టైర్లకి రాళ్ళు పెట్టి వచ్చి సెల్ఫ్ కొడితే మొదటి దానికే పట్టేస్తది."

డీజిల్ సంగతి అక్కడితో పోయింది. ట్యాంకులో నీళ్ళు ఉన్న మాట నిజమే, వాటిని తీయడమూ అవసరమే. కానీ ఈ జబ్బుకి కారణం అవి కావు. ఒక బండిలో రెండు లోపాలుంటే, కంటికి కనబడ్డదే అసలుదనుకోవడం మా పనిలో పెద్ద ప్రమాదం.

రెండో ప్రశ్న, ఆగిన క్షణంలో డాష్‌బోర్డ్‌లో ఏం కనబడింది? ఇంజన్ వేరే కారణంతో ఆగి కీ ఆన్‌లోనే ఉంటే ఆయిల్ లైటు, చార్జింగ్ లైటు వెంటనే వెలగాలి. బాబాయ్ కాసేపు ఆలోచించాడు. "ఎర్ర లైట్లు వెలిగిన గుర్తు లేదు. మీటర్లన్నీ ఒక్క క్షణం కింద పడుకున్నాయి, మళ్ళీ లేచాయి." ఈ ఒక్క మాట మొదటి రోజే అడిగి ఉంటే రెండు వారాలు మిగిలేవి. మీటర్లు పడిపోయాయంటే పోయింది డీజిల్ కాదు, కీ నుంచి వచ్చే కరెంటు.

మూడోది క్లీనర్‌ని అడిగాను. ఆగే ముందు బండిలో ఏదైనా తేడా కనిపించేదా? వాడికి పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో, అప్పటిదాకా వాణ్ణి ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. "వైపర్ స్లో అయిపోతదన్నా. ఆగే ముందు మరీ ముసలోడిలా నడుస్తది. మోటార్ పాతదయిందనుకున్నాం."

ఇంకో విషయం ఎవరూ చెప్పకుండానే కనబడింది. డాష్‌బోర్డ్ ఎడమ మూల, ముందు అద్దం కింద ఒక తువ్వాలు కుక్కి ఉంది. అద్దం రబ్బరు సందులోంచి నీళ్ళు కారి క్లీనర్ కాళ్ళ మీద పడుతుంటే పెట్టుకున్నాడట. రెండేళ్ళ క్రితం రాయి తగిలి అద్దం పగిలితే కొత్త అద్దానికి పాత రబ్బరే బిగించారు. ఆ మూలకి సరిగ్గా కింద ఉండేది ఫ్యూజ్ బాక్స్.

ఇక్కడ స్టాప్ సోలినాయిడ్ ఎలా పని చేస్తుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఈ రకం పంపులో డీజిల్ ఆపే లివర్‌ని స్ప్రింగు ఎప్పుడూ 'ఆపు' వైపే లాగుతుంటుంది. ఇంజన్ నడవాలంటే సోలినాయిడ్ ఆ లివర్‌ని ఎదురు లాగి పట్టుకోవాలి. అందులో రెండు కాయిల్స్ ఉంటాయి. లాగే కాయిల్ పదుల ఆంపియర్లు తాగుతుంది, సెల్ఫ్ కొట్టినంతసేపే పని చేస్తుంది. పట్టుకునే కాయిల్‌కి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు, కీ ఆన్‌లో ఉన్నంతసేపూ లివర్‌ని పట్టుకుని ఉంటుంది. మెలిక ఎక్కడంటే, పట్టుకునే కాయిల్‌కి లాగే బలం లేదు. దానికి కరెంటు ఒక్క క్షణం పోయి తిరిగొచ్చినా లివర్ జారిపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. మీటర్లు లేచినా ఇంజన్ లేవదు. మళ్ళీ సెల్ఫ్ కొడితే లాగే కాయిల్ లివర్‌ని లాగుతుంది, బండి ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. బాబాయ్ చెప్పింది అక్షరాలా ఇదే.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఫ్యూజ్ బాక్స్ మీద నీళ్ళు కారడమే కారణమైతే నేను గంటసేపు నీళ్ళు కొట్టినప్పుడు ఎందుకు ఆగలేదు? ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక కూడా ఇదే ఆలోచన. నా పరీక్షలో బండి తడిసింది, నిజమే. కానీ వానలో మారేది తడి ఒక్కటే కాదు. డ్రైవర్ వైపర్ వేస్తాడు. అద్దానికి ఆవిరి పట్టకుండా ఫ్యాన్ వేస్తాడు. వాన వెలిసేదాకా అవి ఆగవు. మా షెడ్డు బయట నీళ్ళు కొడుతున్నప్పుడు క్యాబిన్‌లో ఎవరూ లేరు, వైపర్ ఎవరూ వేయలేదు.

మర్నాడు బండిని షెడ్డు లోపల, ఎక్కడా చుక్క తడి లేకుండా పెట్టించాను. మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరు సోలినాయిడ్ దగ్గర పట్టుకునే కాయిల్ వైరు మీద. ఇలా పెడితే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో మీటర్ నేరుగా చూపిస్తుంది. చాలామంది వైరు విప్పి, చివర మీటర్ పెట్టి 24 కనబడగానే కరెంటు బాగుందని వదిలేస్తారు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటర్‌కి 24 కనబడుతుంది, ఎందుకంటే మీటర్ కరెంటు దాదాపు లాగదు. లోడు మీద, అంటే ఏదో ఒకటి కరెంటు లాగుతుండగా కొలిస్తేనే వైరు అసలు సంగతి బయటపడుతుంది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 27.6. ఏ లోడూ లేనప్పుడు దారిలో పోతున్నది 0.7 వోల్టు. పాత బండికి పర్వాలేదు. వైపర్ బదులు, దాని ఫ్యూజు అవతల 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు రెండు కలిపాను, సుమారు ఆరు ఆంపియర్ల లోడు. పొడి అద్దం మీద వైపర్ నడిపితే మోటార్ మీద భారం వేరేగా ఉంటుంది, బల్బులైతే లెక్క స్థిరంగా ఉంటుంది. కలపగానే మీటర్ 5.4కి ఎగిరింది. పది నిమిషాలకి 7. పావుగంట దాటాక ఒక చోట నిలవకుండా 9కీ 12కీ మధ్య ఊగడం మొదలైంది. ముప్పై నాలుగో నిమిషంలో, ఎండ కాస్తున్న మధ్యాహ్నం, చుక్క నీరు లేని షెడ్డులో, ఇంజన్ టక్కున ఆగిపోయింది. బాబాయ్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఇదే మేస్త్రీ, ఇట్లాగే."

ఏడాదిగా వాన మీద వేసిన నింద ఆ నిమిషంలో పోయింది. నీళ్ళు కొట్టి లోడు వేయకపోతే ఆగలేదు, లోడు వేసి నీళ్ళు లేకపోయినా ఆగింది.

ఇక చోటు పట్టుకోవడం కష్టం కాదు. నల్ల వైరుని సోలినాయిడ్ నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి జరుపుతూ వచ్చాను. ఇగ్నిషన్ స్విచ్ లోపలికి వచ్చే వైరు దగ్గర పోయింది 0.2. స్విచ్ దాటాక 0.5. స్విచ్ బాగానే ఉంది. ఫ్యూజ్ బాక్స్ వెనక వైర్లని కలిపే కప్లర్‌కి ఇవతల 0.6, అవతల 5 పైన. వేలు పెడితే కాలింది. కప్లర్ ఊడదీస్తే ప్లాస్టిక్ బెల్లం రంగుకి తిరిగి ఉంది. లోపల ఒక పిన్ను నిండా పచ్చటి చిలుము, ఎదుటి క్లిప్పు పట్టు పోయి వదులుగా ఉంది. ఇగ్నిషన్ నుంచి ఫ్యూజ్ బాక్స్‌కి కరెంటు వచ్చేది ఆ ఒక్క పిన్ను మీదే. వైపర్, క్యాబిన్ ఫ్యాన్, మీటర్లు, స్టాప్ సోలినాయిడ్, అన్నీ దాని తర్వాతే.

జరిగింది ఇదీ. రెండేళ్ళుగా అద్దం మూల నుంచి కారిన నీళ్ళు వైర్ల వెంబడి జారి కప్లర్‌లో చేరాయి. ఇత్తడి పిన్ను చిలుము పట్టింది. చిలుము కరెంటుకి అడ్డం. అడ్డం ఉన్న చోట వేడి పుడుతుంది. ఆరు ఆంపియర్లు, అయిదు వోల్టులంటే ముప్పై వాట్లు, బల్ల మీద వాడే చిన్న సాల్డరింగ్ ఐరన్‌కి ఉండేది దాదాపు అంతే. ఆ వేడికి క్లిప్పు స్ప్రింగు మెత్తబడి పట్టు వదిలింది, పట్టు తగ్గేకొద్దీ వేడి ఇంకా పెరిగింది. చిన్న జల్లులో వైపర్ అయిదు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, పిన్ను చల్లారుతుంది, బండి ఆగదు. గంటలకొద్దీ ముసురు పడితే అరగంటకి పిన్ను కాగి ఒక్క క్షణం కాంటాక్ట్ వదులుతుంది. కీ ఆఫ్ చేస్తే వైపర్ కూడా ఆగుతుంది కాబట్టి రాళ్ళు పెట్టి వచ్చేలోపు పిన్ను చల్లారి మళ్ళీ పట్టుకుంటుంది. వాన పడ్డ ప్రతిసారీ ఎందుకు ఆగదో, ఎవరికీ ఎందుకు దొరకలేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కొత్త సోలినాయిడ్ వేసినా ఉపయోగం లేకపోయిందీ ఇందుకే. పాతదాన్ని బల్ల మీద పెట్టి వోల్టేజీ నెమ్మదిగా తగ్గిస్తే 9 దాకా లివర్‌ని గట్టిగానే పట్టుకుంది. దానిలో ఏ తప్పూ లేదు.

ఓనరు గారు ఈలోగా ఒక మాట అడిగారు. "ఇవన్నీ ఎందుకండీ, బ్యాటరీ నుంచి సోలినాయిడ్‌కి డైరెక్ట్ కొట్టేయండి. ఒక స్విచ్చి పెడితే చాలు." దారి మెకానిక్ ఒకాయన అయితే లివర్‌ని బైండింగ్ వైరుతో కట్టేస్తానన్నాడట. రెండిటికీ నేను ఒప్పుకోలేదు. కీ తిప్పితే ఇంజన్ ఆగాలి. యాక్సిడెంటు జరిగి క్యాబిన్ నుజ్జయినప్పుడు, ఎక్కడో వైరు కాలుతున్నప్పుడు, పక్కన ఎవరున్నా కీ తిప్పే ఇంజన్ ఆపుతారు. లివర్ కట్టేసిన బండి అప్పుడు ఆగదు. ఈ విషయం చెప్పాక ఆయన మళ్ళీ అడగలేదు.

చేసిన పని చెప్తాను. కాలిన కప్లర్ కోసేసి, వైరు మంచి రాగి కనబడేదాకా వెనక్కి తీశాను. నల్లబడిన రాగి మీద కొత్త లగ్గు, అంటే వైరు చివర బిగించే లోహపు కొన నొక్కితే ఆర్నెల్లకి మళ్ళీ ఇదే కథ. ఆ వైరుకి విడిగా లగ్గు, స్క్రూ బిగింపు. వైపర్‌కీ ఫ్యాన్‌కీ రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు పెట్టి, వాటి కరెంటు బ్యాటరీ నుంచి వేరే లైనులో, వేరే ఫ్యూజు మీద తెచ్చాను. ఇప్పుడు ఇగ్నిషన్ లైను మీద రిలేల చిన్న కాయిల్స్ తప్ప పెద్ద లోడు లేదు. స్టాప్ సోలినాయిడ్‌కి దాని ఫ్యూజు దానికే. వైర్లు ఫ్యూజ్ బాక్స్‌లోకి పై నుంచి కాకుండా, కిందకి ఒక వంపు తిరిగి పైకి ఎక్కేలా కట్టాను, మళ్ళీ ఎక్కడైనా కారినా చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. మిగతా పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి పలచగా వ్యాజిలిన్ రాశాను. అద్దం దింపించి కొత్త రబ్బరు వేయించాం. అద్దం కింద రేకు తుప్పు పట్టి రెండు చోట్ల చిల్లు పడి ఉంది, అది గోకి ప్యాచ్ వెల్డింగ్ చేయించి పెయింటు వేశాకే రబ్బరు కూర్చోబెట్టాం. ఖర్చులో ఎక్కువ భాగం ఈ అద్దం పనికే అయింది, కరెంటు సామాను అందులో నాలుగో వంతు కూడా కాలేదు.

తర్వాత మళ్ళీ కొలిచాను. వైపర్, ఫ్యాన్, ఇండికేటర్లు అన్నీ వేసి గంటసేపు నడిపితే సోలినాయిడ్ దగ్గర పోయింది 0.4 వోల్టు. గంట మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ అంతే. వైపర్ మోటార్ మార్చలేదు, అది కొత్తదానిలా నడిచింది. బ్లేడ్ల చప్పుడు విని క్లీనర్ కుర్రాడు నవ్వాడు.

ఆ వారంలోనే అసలు పరీక్ష వచ్చింది. జూలై 27న మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీళ్ళు హైవే మీదికి వచ్చేశాయి, బండ్లు రెండు వైపులా నిలిచిపోయాయి. మా లారీ సిమెంటు లోడుతో ఆ దారిలోనే ఉంది. వరసలో కదులుతూ ఆగుతూ, రాత్రంతా ఇంజన్ నడుపుతూ, వైపర్ ఆపకుండా ఉన్నారు. తెల్లవారుజామున బాబాయ్ ఫోన్ చేశాడు. నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో తెలియట్లేదన్నాడు, పట్టా కింద లోడు పొడిగానే ఉందన్నాడు, టిఫిన్ దొరకట్లేదన్నాడు. ఇంజన్ మాట ఎత్తలేదు. నేనే అడిగితే, "ఆ, నడుస్తోంది" అన్నాడు.

అక్టోబరులో గ్రీజింగ్‌కి వచ్చినప్పుడు మళ్ళీ మీటర్ పెట్టాను. 0.5 ఉంది. అద్దం ఎడమ కింది మూలలో రబ్బరు పక్కన సన్నటి చెమ్మ గీత కనబడింది. ప్యాచ్ వేసిన రేకు అంచు కొంచెం లేచింది. గోకించి సీలెంట్ పెట్టించాను. తుఫాన్ల నెలలు ముందున్నాయి కాబట్టి డిసెంబరులో ఒకసారి తప్పకుండా తెచ్చి చూపించమని చెప్పాను.